తక్కువ అక్షరం

పోయిన వారం శ్రీవాసవిని మనం కర్నూలులో, బళ్లారి చౌరస్తా దగ్గర, వాళ్ల టైర్ల కొట్టు ముందు వదిలిపెట్టాం. ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. అందులోంచి నాలుగు కారు చక్రాలు దిగుతున్నాయి. ఎదురుగా టీ బంకు దగ్గరున్నవాళ్లంతా గ్లాసులు చేత పట్టుకుని నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. చూసుకోనివ్వండి. మొదటి నుంచి చదువుతున్నవాళ్లకు ఆ చక్రాలు ఎక్కడివో తెలుసు. ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

అవి శ్రీవాసవి భర్త తేజేశ్వర్ నడిపిన కారు చక్రాలు. ఏడు నెలల కింద, మాఘమాసంలో, కడప నుంచి తిరిగి వస్తూ చాగలమర్రి దగ్గర కుడివైపు వెనక టైరు పగిలి, రోడ్డు వారగా నిలబెట్టిన లారీని గుద్దుకుని పోయాడు. ముప్పై తొమ్మిదేళ్లు. పోలీసుల కాగితంలో కారణం అతివేగం అని రాశారు. ఆ రోజుకు వాళ్ల పెళ్లయి పదేళ్లు. సాయంత్రం మిద్దె మీద ఇద్దరూ కలిసి ఒక ఫొటో దిగాలని శ్రీవాసవి ముచ్చటపడింది. వెలుతురు ఉండగానే, అయిదింటికి వస్తానన్నాడు ఫొటోగ్రాఫరు. అందుకని ఆమె ఒంటిగంటకు భర్తకు ఫోన్ చేసి, "ఎగిరొస్తావో ఉరికొస్తావో నాకు తెలీదు. అయిదింటికి నువ్వు మిద్దె మీద ఉండాల," అంది. అత్త నాగరత్నమ్మ పక్కనే బియ్యం ఏరుకుంటూ ఆ మాట విన్నది.

తర్వాత పలకరింపుకు వచ్చిన ప్రతివాళ్లకూ నాగరత్నమ్మ ఆ మాటే అప్పజెప్పింది. మామ రామకోటయ్య కోడలితో మాట్లాడటమే మానేశాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని, ఆమెను పుట్టింటికి పంపడం అందరికీ మంచిదని తేల్చారు. అందరికీ అన్న మాటలో ఆమె ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి ప్రొద్దుటూరు నుంచి ఆమె అన్న శివప్రసాద్ కారు వేసుకుని వస్తున్నాడు. పోయేలోగా శ్రీవాసవికి ఒక్క సంగతి తెలియాలి. తన మాట పట్టుకుని ఆయన నిజంగానే అంత జోరుగా వచ్చాడా? అది తెలియకుండా ఈ ఊరు వదిలితే, మిగిలిన బతుకంతా ఆ ప్రశ్నను మోసుకుంటూ తిరగాలి. అందుకే కొట్టు ఫిట్టరు గాబ్రియేలును వెంటబెట్టుకుని పోయి, పోలీస్ స్టేషన్ వెనక ముళ్లకంపల్లో పడి ఉన్న కారుకు చక్రాలు ఊడదీయించి తెచ్చింది.

*

కొట్టు వెనక గోడౌన్‌లో పగలు కూడా బల్బు వేసుకోవాలి. టైర్లు కప్పు దాకా దొంతర్లుగా పేర్చి ఉంటాయి. మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. ఏడు నెలలుగా శ్రీవాసవి చోటు అదే. ముందర మామ కూర్చుంటాడు కాబట్టి ఆమె వెనక సరుకు సర్దుకుంటుంది. పొద్దున తొమ్మిదికి వస్తుంది. మధ్యాహ్నం ఒక పాత టైరు మీద కూర్చుని క్యారియర్ విప్పుకుని తింటుంది. రోజంతటిలో ఆమెతో మాట్లాడేది ఫిట్టరు గాబ్రియేలు ఒక్కడే, అదీ సైజులు. "నూటఎనభైఅయిదు, అరవైఅయిదు, పదహైదు, రెండు తియ్యమ్మా." ఒక్కోరోజు పడుకునే ముందు గుర్తు చేసుకుంటే, ఆ రోజు తన నోటి నుంచి వచ్చినవన్నీ అంకెలేనని తేలేది. ఏడుస్తుంటే ఎవరో ఒకరు వచ్చి ఊరుకోమంటారు. ఏడవకుండా ఒంటరిగా ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అనరు. ఆమెకు ఎవరైనా వచ్చి ఏదో ఒకటి అంటే బాగుండుననిపించేది, తిట్టినా సరే.

గోడౌన్ తలుపు లోపలి వైపు సుద్దతో రాసిన అక్షరాలు కొన్ని ఇంకా చెరిగిపోకుండా ఉన్నాయి. కోడలు కొత్తగా కొట్టులో అడుగుపెట్టినప్పుడు రామకోటయ్య తన చేత్తో రాసి నేర్పినవి. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఈ అక్షరాలు మాత్రం వచ్చు. మిగతా ఇంగ్లీషుతో తనకు పని లేదనేవాడు.

ప్రతి టైరు పక్కనా సైజు తర్వాత ఒక అంకె, అంకె పక్కన ఒక అక్షరం ఉంటాయి. అంకె ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెబుతుంది. అక్షరం ఎంత వేగం తట్టుకోగలదో చెబుతుంది. ఎస్ అంటే గంటకు నూట ఎనభై కిలోమీటర్లు. టీ నూట తొంభై. యూ రెండు వందలు. దాని తర్వాత వీ రావాలి కదా, రాదు. ఎక్కడో ముందుండాల్సిన హెచ్ వచ్చి నడుమ కూర్చుంటుంది, రెండు వందల పది అంటూ. ఆ తర్వాతే వీ, రెండు వందల నలభై. "హెచ్ ఎందుకు మామా ఈడ కూర్చుండాది?" అని కోడలు అడిగితే, "పెండ్లి బంతికి ఆలస్యంగా వచ్చిన బావమరిది మాదిరి, యాడ సందుంటే ఆడ కూర్చుంటాది," అన్నాడు. ఆ రోజుల్లో ఆయన అలా మాట్లాడేవాడు.

ఇంకో నియమం కూడా ఆయనే చెప్పాడు. నాలుగు టైర్లకు వేరే వేరే అక్షరాలు ఉంటే, వాటిలో తక్కువ అక్షరం ఏదో అదే ఆ కారు అక్షరం. మిగతా మూడూ ఎంత గొప్పవైనా నాలుగోదాని మాట వినాల్సిందే.

"గాబ్రియేలన్నా, ఒక తడిగుడ్డ, ఒక సుద్దముక్క ఇస్తావా?" అంది శ్రీవాసవి, చక్రాల ముందు నేల మీద కూర్చుని.

గాబ్రియేలు ఆ కొట్టులో ముప్పై ఏళ్ల మనిషి. తేజేశ్వర్ చిన్నప్పుడు సైకిలుకు పంచరు వేయడం నేర్పింది అతనే. గుడ్డ, సుద్ద తెచ్చి ఇచ్చి, పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇవి చూసి ఏం చేస్తావమ్మా? పోయినోడు రాడు గదా."

"రాడు. ఎట్ల పోయినాడో అన్నా నాకు తెలియాల గదన్నా."

మట్టి పట్టిన టైరు మీద అక్షరాలు కంటికి ఆనవు. నల్లదాని మీద నల్లగా ఉబ్బి ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరినాక సుద్ద అడ్డంగా రుద్దితే ఉబ్బినవన్నీ తెల్లగా పైకి తేలతాయి. మొదటి చక్రం తుడిచి రుద్దింది. ఎనభై ఎనిమిది, హెచ్. రెండోది, హెచ్. మూడోది, హెచ్. నాలుగోది కుడివైపు వెనకది. దాని మీది రబ్బరు ఒక పక్క పట్టీలా ఊడి వేలాడుతోంది. రిమ్ముకు అంటుకుని మిగిలినంత మేర తుడిచి రుద్దింది. ఎనభై ఎనిమిది, టీ.

ఆమె మళ్లీ తుడిచింది. మళ్లీ సుద్ద రుద్దింది. టీ అక్షరం అక్కడే ఉంది.

"అన్నా, పోయిన దసరాకు మన కారుకు నువ్వెక్కించినవి నాలుగూ హెచ్‌లే గదా?"

"నాలుగూ హెచ్‌లే. నాలుగూ కొత్తవే. నా చేతుల్తోనే ఎక్కించినా." గాబ్రియేలు వంగి చూశాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది నేనెక్కించింది కాదమ్మా."

"మరెవరు ఎక్కించినారు?"

"గాబ్రియేలూ!"

గుమ్మంలో రామకోటయ్య నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లచొక్కా, నుదుట నిలువు బొట్టు. ఈ ఏడు నెలల్లో చొక్కా ఆయనకు రెండు సైజులు పెద్దదైంది.

"ఈ చక్రాలు లోపలికి ఎవురు తెమ్మన్నారు? చచ్చినోడి సామాను కొట్లో పెట్టగూడదని ఆ యమ్మకు చెప్పు."

ఆ యమ్మ ఆయనకు మూడడుగుల దూరంలో ఉంది.

"గాబ్రియేలన్నా, మామను అడుగు. కుడిపక్క ఎనక హెచ్ ఉండాల్సిన చోట టీ ఎట్ల వచ్చింది అని," అంది శ్రీవాసవి.

"అట్లాంటివన్నీ ఆ యమ్మకు ఇప్పుడెందుకంట, అడుగు."

గాబ్రియేలు ఒకసారి ఇటు చూశాడు, ఒకసారి అటు చూశాడు. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు.

"సావుకారూ, ముప్పై ఏండ్ల నుంచి మీ టైర్లు మోస్తాండా. ఏనాడూ బరువు అనలే. ఈ మాటలు గూడా మోయమంటే నా చేత కాదు. మీరూ మీరూ మాట్లాడుకోండి," అని ఆయన పక్కనుంచి సందు చేసుకుని బయటికి పోయాడు. పోతూ తలుపు దగ్గరకు వేశాడు.

*

ముందర గాలి మిషను ఆగి ఆగి మోగుతోంది. రామకోటయ్య కోడలి మొహం చూడకుండా టైర్ల దొంతర వైపు చూస్తూ అన్నాడు:

"టీ అయితే ఏమి?"

ఏడు నెలల తర్వాత మామ నేరుగా తనతో అన్న మొదటి మాట అది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, శ్రీవాసవికి సంతోషం వేసింది. ఏ మాటైతేనేం, తనను ఉద్దేశించి అన్నాడు.

"టీ అంటే ఎంతనో నీకు నేనే నేర్పితి గదా. ఎంత?"

"నూట తొంభై."

"నూట తొంభై దాకా దానికి ఏమీ కాగూడదు. పగిలిందంటే వాడు అంతకన్నా జోరుగా వచ్చినట్లే గదా? నేను పొద్దున లేస్తే ఆ లెక్కే వేస్తాండా. రాత్రి పండుకుంటే ఆ లెక్కే. అంత జోరుగా రమ్మని వాణ్ని ఎవురు పిలిచినారు? నేనా?"

ఇదీ ఆయన ఏడు నెలలుగా పట్టుకుని కూర్చున్నది. ఆ కారు, ఆ రోడ్డు మీద, గొర్రెల మందలు దాటుకుంటూ, నూట తొంభైకి పోతుందా అని రోడ్డు మీద పోయే ఎవరినడిగినా నవ్వుతారు. కానీ కొడుకు పోయిన మనిషికి ఒక అంకె చేతికి దొరికింది. దాన్ని వదిలితే తర్వాత ఏం పట్టుకోవాలో ఆయనకు తెలియదు. శ్రీవాసవికి అది అప్పుడే అర్థం కాలేదు. కోపం మాత్రం వచ్చింది.

"అక్షరాలు మీరు నేర్పినారు మామా. మిగిలింది ఆయన నేర్పినాడు," అంది. "ఆ అక్షరం కొత్త టైరుకు రాసింది. సరిగ్గా గాలి ఉంటే, మోయాల్సినంతే మోస్తే, అంత వేగం తట్టుకుంటాది. 'అది టైరు పుట్టిననాడు ఇచ్చిన మాట వాసవీ, పాతదైనాక, ప్యాచులు పడినాక, ఆ మాట మీద బండి తోలగూడదు' అనేవాడు. మీకు చెప్పలేదా?"

"వాడు నాకు చెప్పేదేంది? నేను వాడికి చెప్పినోణ్ని."

శ్రీవాసవి లేచి ఆ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కకు తిప్పింది. తిప్పేటప్పుడు చినిగినచోట లోపల ఏదో ఎత్తుగా ఆమె వేళ్లకు తగిలింది. అంతవరకు నేలకు ఆని ఉన్న లోపలి వైపు పైకి వచ్చింది. అటు వైపు ఎవరూ తుడవలేదు, ఎవరూ చూడలేదు. గుడ్డ పెట్టి తుడిచింది. ఒక చిన్న గడిలో నాలుగు అంకెలున్నాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. సుద్ద రుద్ది పక్కకు జరిగింది.

"అంకెలు మీకు వస్తాయి గదా. చదవండి."

రామకోటయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. వంగడానికి ఒక దొంతర పట్టుకున్నాడు.

"మూడు, ఒకటి, ఒకటి, అయిదు."

"ఏ ఏడాదిది?"

ఆయన మళ్లీ చదువుకున్నాడు, ఈసారి లోపల్లోపలే. రెండు వేల పదిహేనులో తయారైన టైరు. ఆ ఇంటికి కోడలు రాకముందే పోత పోసి బయటికి వచ్చినది, ఈ మాఘంలో హైవే మీద తిరిగింది.

"చినిగినచోట లోపల చెయ్యి పెట్టి చూడండి. కండ్లతో కాదు, చేత్తో."

పెట్టాడు. యాభై ఏళ్లుగా టైర్ల లోపల తిరిగిన చెయ్యి అది, చూడాల్సిన పని లేదు. చదునుగా ఉన్న నడుమ భాగం దాటి, టైరు వంపు తిరిగే భుజం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. అక్కడ ప్యాచ్ ఉంది. అడుగున నడుమ పడిన బెజ్జానికి ప్యాచ్ వేస్తారు. భుజం మీద బెజ్జం పడితే ఆ టైరు పనికిరాదని పారేస్తారు. అక్కడ వేసిన ప్యాచ్ నిలబడదు. ఈ సంగతి ఆ కొట్టులో అందరికంటే బాగా తెలిసినవాడు రామకోటయ్య.

ఆయన మెల్లగా ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. రోజూ మధ్యాహ్నం కోడలు కూర్చుని అన్నం తినే టైరు అది.

"బటన్లు బాగుండె," అన్నాడు, ఊడి వేలాడుతున్న రబ్బరు మీది గుబ్బల వైపు చూస్తూ. "ఒక్క బటన్ను గూడా అరగలే. ఎవురో రిటైరైనాయన షెడ్డులో నిలబెట్టుకున్న కారుది. ఎక్స్చేంజికి ఇడిసిపెట్టిపోయినాడు. బటన్లు చూసినా, అక్షరం చూసినా. లోపల చూడలే. ఏ ఏడాదిదో చూడలే."

"మీరే ఎక్కించినారా మామా?"

"నేనే."

ఆ ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి, లేకపోతే ఆయన చేసింది పిచ్చిపనిలా కనిపిస్తుంది. కొట్టు కారు కూడా కొట్టులో ఒక అర కిందే లెక్క. సైజు అయిపోయి గిరాకీ వెనక్కి పోతుంటే, ఇంటి కారు టైరు విప్పి ఇచ్చేస్తారు. సరుకు లారీ వచ్చినాక మళ్లీ ఎక్కించుకుంటారు. సైకిలు టైర్లు అమ్మే రోజుల్లో రామకోటయ్య తండ్రి తను తొక్కే సైకిలుకే టైరు విప్పి గిరాకీకి ఇచ్చి, సైకిలు భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడని ఇప్పటికీ చుట్టాల్లో గొప్పగా చెప్పుకుంటారు. ఏ గిరాకీనీ ఉత్త చేతులతో పంపకూడదు. మూడు తరాలు ఆ పద్ధతితోనే బతికాయి.

"ఆదివారం," అన్నాడు రామకోటయ్య. "గాబ్రియేలు చర్చికి పోయినాడు. బనగానపల్లె వాళ్లు పెండ్లికి పోతా పోతా టైరు పగిలి వచ్చినారు. కార్లో ఆడోళ్లు, పసిబిడ్డ. ఆ సైజు హెచ్ మన దగ్గర అయిపోయింది. మంగళవారం గానీ లోడు రాదు. వాడి కారు ముందరే నిలబడుండె. ఊడదీసి ఇచ్చేసినా. రెండు దినాలే గదా అని అది ఎక్కించినా. సోమవారం తెల్లవారకముందే వాడు కడపకు పోయినాడు. చెప్పలే."

"అయితే ఆయనకు తెలీదు."

ముసలాయన తల ఎత్తలేదు.

"తెలిసింది."

"ఎప్పుడు?"

"కడపలో గాలి పట్టిస్తా చూసినాడంట. నాకు ఫోన్ చేసినాడు. ఒంటిగంట పదికి."

ఒంటిగంటకు తను చేసింది. తన ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకు. శ్రీవాసవి చేతిలోని సుద్దముక్కను నేల మీద పెట్టింది, పడేస్తే ఆయన మాట ఆగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా.

"ఏమన్నాడు మామా? ఒక్క మాట గూడా ఇడిసిపెట్టకుండా చెప్పండి."

"'నాయనా, కుడిపక్క ఎనక టైరు ఎవురు మార్చినారు?' అన్నాడు. చెప్పినా. 'ఏం కాదులేరా, టీ గదా, నూట తొంభై తట్టుకుంటాది, వచ్చేయ్' అంటి. 'లోపల చూడకుండా నాకు మనసొప్పదు నాయనా. ఇప్పుడు బయల్దేర్తాండా, అరవై దాటకుండా వస్తా' అన్నాడు. 'వాసవికి చెప్పాకు, ఊరికే భయపడ్తాది. అరవైలో వచ్చినా అయిదింటికి ముందే చేర్తా' అన్నాడు."

అరవై.

శ్రీవాసవి మనసులో లెక్క దానంతట అదే నడిచింది. ఒంటిగంట పదికి బయల్దేరాడు. కాగితంలో రాసిన టైము రెండున్నర. కడప నుంచి చాగలమర్రి ఎనభై కిలోమీటర్లు. గంటా ఇరవై నిమిషాలకు ఎనభై కిలోమీటర్లు, సరిగ్గా అరవై. అన్న మాట ప్రకారమే వచ్చాడు. ఒక్క కిలోమీటరు ఎక్కువ లేదు. బయల్దేరిన టైము ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆమెకు ఈ లెక్క వేసే వీలే లేకపోయింది. అక్కడ నుంచి కర్నూలుకు ఇంకో నూట ఇరవై ఉంటుంది. రెండు గంటలు. ఆ టైరు ఇంకో రెండు గంటలు ఓపిక పట్టి ఉంటే నాలుగున్నరకు ఇంట్లో ఉండేవాడు. మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, చొక్కా బాగుందా లేదా అని నాలుగుసార్లు అడిగి, ఫొటోగ్రాఫరు కంటే ముందే మిద్దె ఎక్కి నిలబడేవాడు.

ఎగిరి రాలేదు. ఉరికి రాలేదు. మెల్లగా వస్తున్నాడు, తన దగ్గరికి. ఆమె నేల మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. ఏడు నెలలుగా భర్త కోసం ఏడ్చిన ప్రతిసారీ పక్కన ఆ ఫోన్ మాట వచ్చి కూర్చునేది. ఈ రోజు ఆయన కోసం మాత్రమే ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని తల ఎత్తేసరికి రామకోటయ్య అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఇదంతా మీకు తెలిసి కూడా ఏడు నెలలు నన్ను అట్ల చూసినారా?"

"మొదటి దినం నాకు నోరు రాలే. మూడో దినం మీ అత్త నీ ఫోను మాట ఎత్తె." ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ మాట వినంగానే నాకు ఊపిరాడినట్లయ్యె తల్లీ. అదే నిజమైతే బాగుండు అనుకుంటి. నాతో అరవై అని, నువ్వు పిలిచినావని మల్ల జోరు పెంచిండాడు అనుకుంటి. లేకుంటే టీ ఎట్ల పగుల్తాది? అనుకోని అనుకోని, నిజమే అని నమ్మితి. నీ మొగం చూస్తే ఆ నమ్మకం పోతాదని చూసేది మానేస్తి."

ఆయన్ని కొట్టాలో, జాలి పడాలో శ్రీవాసవికి తెలియలేదు. ముందర కుర్చీలో ఆయన, వెనక గోడౌన్‌లో తను, ఒకే మనిషి కోసం, ఇంత దగ్గరలో, ఒకరికొకరు లేకుండా ఏడు నెలలు గడిపారు.

"అత్తకు చెప్తారా?"

"చెప్తా."

"ఈ పొద్దే?"

"మీ అన్న వచ్చేలోగానే చెప్తా తల్లీ. నువ్వు యాడికీ పోయే పని లేదు. ఈ కొట్టు నీది, ఈ ఇల్లు నీది. నేనే చెప్తా." లేచి, దొంతరలు పట్టుకుంటూ ముందుకు నడిచిపోయాడు.

*

శివప్రసాద్ మూడింటికి అన్నవాడు రెండుంబావుకే వచ్చేశాడు. మంచి పనికి ఎప్పుడూ గంట ఆలస్యంగా వచ్చే మనిషి, ఈ పనికి మాత్రం ముందే వచ్చాడు. కొట్టు పక్క సందులోనే ఇల్లు. ఆ సందులోంచి నాగరత్నమ్మ వచ్చింది, ఆమె వెనక పనిమనిషి శ్రీవాసవి పెట్టె మోసుకుని వచ్చింది. కోడలి పెట్టె అత్తే సర్దింది. అందులో ఏం పెట్టిందో, ఏం ఉంచేసుకుందో శ్రీవాసవి అడగలేదు. గోడౌన్ గుమ్మంలో నిలబడి మామ నోటి వైపే చూస్తోంది.

"ఎండన పడి వచ్చినావు. మజ్జిగ తాగు నాయనా," అన్నాడు రామకోటయ్య.

శివప్రసాద్ మజ్జిగ తాగాడు.

"రోడ్డెట్లుండాది?"

"నంద్యాల దగ్గర పని చేస్తాండారు మామా. ఆడ రోంతసేపు నిలబెట్టినారు."

"ఔను, ఆడ శానా దినాల నుంచి చేస్తాండారు."

రామకోటయ్య అగరుబత్తీ పుల్ల తీసి దేవుడి పటం ముందు గుచ్చాడు. మళ్లీ కుర్చీలో కూర్చుని చొక్కా గుండీలు తడుముకున్నాడు. ఒక గిరాకీ వచ్చి స్టెప్నీ ధర అడిగాడు. అతనికి అవసరానికి మించి అయిదు నిమిషాలు వివరించాడు. ఆ ఒక్క మాట తప్ప ప్రపంచంలోని మాటలన్నీ మాట్లాడటానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. గాబ్రియేలు గాలి మిషను ఆపేసి, చేతిలో రాడ్డు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

గిరాకీ పోయాడు. నాగరత్నమ్మ గోడ గడియారం చూసింది.

"వర్జ్యం దాటింది. ఇంగ లేటు చేస్తే వాళ్లకు చీకటి పడ్తాది," అంది. భర్త వైపు తిరిగింది. "ఏమంటారు? పంపిద్దామా?"

రామకోటయ్య భార్య మొహం చూశాడు. కొడుకు పోయినాక ఆమెకు మిగిలింది తను ఒక్కడే. ఆమె ఏడు నెలలుగా ఎవరి మీద కోపం పెట్టుకుని బతుకుతోందో ఆయనకు తెలుసు. ఆ కోపం ఇకమీదట ఎవరి మీదికి తిరుగుతుందో కూడా తెలుసు. ఒక్కసారి కోడలి వైపు చూశాడు. ఆమె చూపు తప్పించలేదు. ఆయనే తప్పించి, రోడ్డు మీద పోయే బండ్ల వైపు చూస్తూ అన్నాడు:

"పంపించు."

"సావుకారూ!" అన్నాడు గాబ్రియేలు. రామకోటయ్య తల తిప్పలేదు.

పనిమనిషి పెట్టె ఎత్తింది. శివప్రసాద్ డిక్కీ తెరవడానికి కారు దగ్గరికి పోయాడు. శ్రీవాసవి గుమ్మం దాటి ముందుకు వచ్చింది.

"అన్నా, డిక్కీ మూసెయ్. రోంతసేపు కూర్చో."

తర్వాత ఒక స్టూలు లాక్కుని, ఏడు నెలల్లో ఎన్నడూ కూర్చోనంత దగ్గరగా, అత్త ఎదురుగా కూర్చుంది. వెనక కుర్చీలో ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

"అత్తా," అంది. "ఆ పొద్దు ఆయనతో చివరిసారి మాట్లాడింది నేను కాదు."